తుడిచేసిన జవాబు

ఆ పిల్ల పలక పైకి లేచింది. జవాబు సరిగ్గా ఉంది. నేను నా కళ్ళతో చూశాను. అప్పుడే ఎదుటి గోడ దగ్గర పటేలు మనుమడి పలక కూడా లేచింది. అది తప్పు. ఆ పిల్ల ఎదుటి పలక వైపు ఒకసారి చూసి, తన పలక దించి, అరచేతిలో ఉమ్మేసుకుని గబగబా తుడిచేసింది. మళ్ళీ ఎత్తింది. పలక మీద తడి మరక తప్ప ఇంకేమీ లేదు.

"ఏందే, జవాబేది?" అన్నాను.

"నాకు రాదు పంతులమ్మా," అంది నా మొహం చూడకుండా.

రాని జవాబు వచ్చినట్టు చూపించాలని పిల్లలు పడే తంటాలు నాకు తెలుసు. పక్కవాడి పలకలోకి తొంగిచూస్తారు, బలపం విరిగిందంటారు, కడుపునొప్పి అంటారు. కానీ వచ్చిన జవాబును తన చేత్తో తానే తుడిచేసుకున్న పిల్లను నేను అంతకుముందు చూడలేదు. నా తరగతి గదిలో నాకు తెలియనిదేదో నడుస్తోందని అప్పుడే మొదటిసారి భయం వేసింది.

ఇదంతా ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, మా ఆయన మేనకోడలు మొన్ననే ట్రైనింగ్ ముగించింది. జమ్మికుంట దగ్గర ఒక ప్రాథమిక పాఠశాలలో వేశారు. నిన్న వచ్చి, "అత్తమ్మా, నువ్వు పలకలెత్తించి పాఠం జెప్పినవంట గద, గదెట్లనో జర రాసియ్యవా, మా దోస్తులకు గూడ సూపిస్త," అని కూర్చుంది. పలకలు ఎత్తించడం ఎట్లాగో రాయడానికి ఒక కాగితం చాలు. ఆ కాగితంలో పట్టనిదే ఎక్కువ జరిగింది. అందుకే పిల్లలిద్దరినీ పడుకోబెట్టి మొత్తం రాస్తున్నాను. చిన్నదానికి సాయంత్రం నుంచి ఒళ్ళు కొంచెం వెచ్చగా ఉంది. రెండు పేరాలు రాయడం, లేచి వెళ్ళి దాని నుదురు తాకి చూడడం. మా అత్తగారు అన్నట్టు, నాకు రానిది ఒక్క ధైర్యమే. ఆ బడిలో ఆ రోజు నిలబడ్డది నేనేనా అని ఇప్పటికీ నాకే అనుమానం వస్తుంటుంది.

హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్త రోజులు అవి. మాది కరీంనగర్. బి.ఏ. చదివి, ట్రైనింగ్ పూర్తిచేసి, పెళ్ళయ్యాక ఆసిఫాబాద్ అవతల ఒక ఊళ్ళో ఉద్యోగంలో చేరాను. అప్పటికి మా పెద్దది చంకలో పిల్ల. బడికి సొంత ఇల్లు లేదు. ఊరి పటేలు తన పాత పత్తి కొట్టును బడికిచ్చాడు. గాలి వీస్తే దూలాల సందుల్లోంచి ఇంకా పత్తి పీచు రాలి పిల్లల తలల మీద పడేది. ఒక గదిలో పెద్దపంతులు, రెండో గదిలో నేను. పెద్దపంతులు అంటే మా హెడ్మాస్టరు. ఉర్దూలో చదువుకుని, ఉర్దూలో పాఠాలు చెప్పి, ప్రభుత్వం మారాక తెలుగులో చెప్పడం నేర్చుకున్న మనిషి. హాజరు పిలిస్తే పిల్లలు "హాజిర్" అనాల్సిందే. పైకి గట్టివాడు. నా పాపను మాత్రం ఆయన భార్యే రోజూ తన దగ్గర పెట్టుకుని చూసుకునేది. "నువ్వు నిమిష నిమిషానికి రాకు, పొల్ల నిన్ను జూస్తేనే ఏడుస్తది," అని నన్ను తరిమేసేది.

నా తరగతిలో పిల్లలు మూడు గోడలకు ఆనుకుని కూర్చునేవారు. వాళ్ళల్లో సగం మంది నోరు విప్పేవారు కాదు. కొందరి ఇళ్ళల్లో గోండి, కొందరి ఇళ్ళల్లో మరాఠీ. తెలుగులో జవాబు చెప్పబోతే పక్కవాళ్ళు నవ్వుతారని భయం. అడిగిన ప్రతిసారీ ఆ నలుగురైదుగురే లేచి చెప్తుంటే, మిగతావాళ్ళకు వచ్చిందో రాలేదో నాకు తెలిసేది కాదు. అందుకని పలకలు పట్టుకున్నాను. ప్రశ్న ఒకటి చెప్పడం, అందరూ రాయడం, "ఎత్తండి" అనగానే అందరూ ఒకేసారి తల మీదికి ఎత్తడం. ఒక్క చూపులో గదంతా నాకు చదువుకోవడానికి దొరికేది. ఏడాదిగా గొంతు వినిపించని ఒక గోండు పిలగాడు మొదటి రోజే ఎక్కం తప్పు లేకుండా రాసి పలక ఎత్తినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. పిల్లలకు కూడా ఇదొక ఆట అయింది. పొద్దున్నే రాగానే బొగ్గుపొడి, ఆకుపసరు కలిపి పలకలు రుద్ది, నల్లగా నిగనిగలాడించి ఎండలో పెట్టేవారు.

ఈ ఆటలోనే ఒక ముల్లు ఉంది. అది మా బడిలో పాత పద్ధతి. ప్రశ్నకు సరైన జవాబు చెప్పినవాళ్ళు, చెప్పలేనివాళ్ళ దగ్గరికి వెళ్ళి, ముక్కు పట్టుకుని చెంప మీద ఒకటి వేయాలి. గట్టిగా వేయకపోతే వేసినవాళ్ళకు పెద్దపంతులు బెత్తంతో వేస్తారు. మునుపు ఒక్కొక్కరినే లేపి అడిగేవారు కాబట్టి దెబ్బలు తక్కువ. నా పలకలు వచ్చాక ఎవరిది ఒప్పో ఎవరిది తప్పో అందరిదీ ఒకేసారి బయటపడేది. దెబ్బలు ఎక్కువైనాయి. చప్పుడు విని పెద్దపంతులు గుమ్మంలోకి వచ్చి, "షాబాష్, నీ తరగతిల చదువు జోరుగ నడుస్తున్నదమ్మా," అనేవారు.

ఇప్పుడు ఆ పిల్ల సంగతి. ఆమె తండ్రి పటేలు దగ్గర జీతగాడు. అంటే ఏడాదికింత అని ఆ ఇంట్లోనే పని చేసే మనిషి. పత్తి బోరాలు, అంటే పత్తి మూటలు నింపిన పటేలు బండ్లు తోలుతాడు. ఆ పిల్ల గుమ్మం పక్కన, చెప్పులు విడిచే చోటికి దగ్గరగా కూర్చునేది. అక్కడ కూర్చోమని ఎవరూ చెప్పలేదు, ఎవరూ చెప్పాల్సిన అవసరమూ లేదు. పటేలు మనుమడు ఎదుటి గోడ దగ్గర, ఇంటినుంచి తెచ్చుకున్న చిన్న జంపఖానా పరుచుకుని కూర్చునేవాడు. చెడ్డ పిలగాడు కాదు. లెక్కలంటే మాత్రం చెమటలు పట్టేవి. నోటితో అడిగినన్నాళ్ళు ఆ పిల్లను ఎవరూ లేపి అడగలేదు. పలక వచ్చాకే ఊళ్ళో అందరికన్నా లెక్కలు బాగా వచ్చేది ఆ పిల్లకే అని తెలిసింది. నాకు తెలిసింది, ఆమెకూ తెలిసింది.

జవాబు తుడిచేసిన రోజు నుంచి నేను ఆమెనే గమనిస్తూ వచ్చాను. పలక అందరికన్నా ఆలస్యంగా ఎత్తేది. ముందు ఎదుటి గోడ వైపు చూసేది. మనుమడిది ఒప్పయితే ఈమెదీ ఒప్పే. అతనిది తప్పయితే ఈమె పలక మీద తడి మరక. ఇది చూసి నేను ఒక కొత్త నియమం పెట్టాను. రాయడం కాగానే పలకను ఒళ్ళో బోర్లించాలి, బలపం కింద పెట్టాలి, అందరూ ఒకేసారి ఎత్తాలి, ఎత్తాక దించకూడదు. ఇంక ఎట్లా తుడుస్తుందో చూద్దామనుకున్నాను. తుడవలేదు. ప్రతి లెక్కా తప్పు రాయడం మొదలుపెట్టింది. వారం తిరగకముందే నా తరగతిలో అందరికన్నా తెలివైన పిల్ల అందరికన్నా మొద్దు అయి కూర్చుంది.

ఒక మధ్యాహ్నం మిగతా పిల్లలు ఆడుకుంటుంటే దగ్గర కూర్చోబెట్టుకున్నాను. పలకకు బొగ్గు రుద్దుకుంటోంది.

"ఎందుకే తప్పు రాస్తున్నవ్? నీకు వచ్చు గద."

"ఒప్పు రాస్తె కొట్టాలె గద."

"ఎవర్ని?"

ఆ పిల్ల జంపఖానా వైపు గడ్డంతో చూపించింది. "గాయిన్ని."

"మిగిలినోళ్ళను కొడ్తనే ఉన్నవ్ గద మొన్నటిదాక?"

"ఆళ్ళను కొడితె ఆళ్ళు నన్ను తొవ్వల కొడ్తరు. అయిపాయె. చిన్న పటేలును కొడితె మా బాపును కొడ్తరు."

పలక రుద్దడం ఆపకుండానే చెప్పింది. రేపు ఎండ కొడుతుంది అని చెప్పినంత మామూలుగా.

ఆ సాయంత్రం ఆమె తండ్రి ఖాళీ బండి తోలుకుంటూ బడి ముందునుంచి పోతుంటే ఆపాను. ఎడ్లను అదిలించి దిగి, తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని, దూరంగానే నిలబడ్డాడు.

"మీ బిడ్డకు లెక్కలు మస్తు వస్తయ్," అన్నాను.

మొహం వెలిగింది. ఒక్క క్షణమే. తర్వాత నేల చూశాడు.

"వస్తయమ్మా. బోరాలు ఎక్కిచ్చేటప్పుడు నాకంటె ముందుగాల్నే జెప్తది ఎన్నైనయో. గందుకే భయం. ఎల్లుండి తనిఖీ సాబు వస్తడంట గద. పటేలు సుత కుర్సి ఏసుకుని కూసుంటడంట. గాడ నా పోరి ఆయన మనుమని చెంప మీద కొట్టిందనుకో, రేపు ఏం మొకం వెట్టుకొని పటేలు వాకిట్లకు పోవాలె నేను? ఎల్లుండి పంపనమ్మా. ఇగ మొత్తానికే మాన్పిస్త. పత్తి ఏరనీకి పోతది."

"ఎల్లుండి ఎవ్వరూ ఎవర్నీ కొట్టరు," అన్నాను.

"పెద్దపంతులు చెప్పిండా?"

"నేను చెప్తున్న."

నన్ను ఎగాదిగా చూశాడు. చంకలో పాప, భుజాన సంచి, ఊరికి కొత్త మనిషిని. "మాట ఇస్తుండ్రా అమ్మా?"

"ఇస్తున్న."

ఇచ్చాక ఇంటికి వెళ్ళి, పాపకు పాలు పడుతూ, ఎట్లా ఇచ్చానా అని కూర్చున్నాను. పెద్దపంతులును నేను ఇంకా అడగనే లేదు. తనిఖీకి వచ్చే ఇన్‌స్పెక్టరు సంగతి అప్పటికే చుట్టుపక్కల బడుల్లో అందరికీ తెలుసు. ఆయనకు ఆ చెంపదెబ్బల పద్ధతంటే ప్రాణం. పక్క ఊళ్ళో నిలబడి దగ్గరుండి వేయించి మరీ వెళ్ళాడు. పైగా మా బడికి ఐదో తరగతి రావాలా వద్దా అన్నది ఆయన చూసిపోయే దాని మీద ఉంది. నాలుగుతో బడి ఆగిపోతే ఆ ఊరి ఆడపిల్లల చదువు అక్కడికే. వాగు దాటి పై ఊరికి ఎవరూ పంపరు.

మర్నాడు పెద్దపంతులుకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన బెత్తాన్ని గోడకు ఆనించి, కుర్చీలో వెనక్కి వాలారు.

"గా దెబ్బలు తినే నేను నాలుగక్షరాలు నేర్సుకున్న బిడ్డా. లేకుంటె ఎడ్లు కాసుకుంటుంటి. సిగ్గుంటెనే సదువు."

"మీ బడిల దొరల పిల్లలు కూడా ఉండేటోళ్ళా సార్?"

"ఉండకేం. ఆళ్ళు జంపఖానా పరుసుకొని వేరే కూసుందురు."

"వాళ్ళకు జవాబు రాకుంటే?"

పెద్దపంతులు నవ్వబోయి ఆగిపోయారు. "ఆళ్ళను ఎవరు కొడ్తరు? ఆళ్ళ పక్కన ఒక పిలగాన్ని కూసోబెట్టేటోళ్ళు. ఆళ్ళ తప్పుకు గా పిలగానికి పడేటియి."

ఆ పిలగాడెవరని నేను అడగలేదు. ఆయన చెయ్యి దానంతటదే ఎడమ చెంప మీదికి వెళ్ళింది. బయట పిల్లలు గోల చేస్తున్నా ఆయన లేవలేదు. గోడకు ఆనించిన బెత్తం వైపు చూస్తూ అన్నారు, "రేపు నీ తరగతి నీది. నేను నోరు తెరువ. కని సాబు అడిగితె మాత్రం నేను ఆపలేనమ్మా. ఫికర్ చేసేది ఏమన్నుంటె నువ్వే చేసుకో."

ఆ రోజంతా పిల్లలకు కొత్త పద్ధతి నేర్పించాను. పలకలు ఎత్తాక తప్పు రాసినవాళ్ళ పక్కన ఒప్పు రాసినవాళ్ళు వెళ్ళి కూర్చోవాలి. జవాబు చెప్పకూడదు, ఎట్లా వస్తుందో చెప్పాలి. చెప్పాక తప్పు రాసినవాళ్ళు మళ్ళీ రాసి ఎత్తాలి. మొదట్లో అంతా గందరగోళం. ఒకడు అలవాటు కొద్దీ పక్కవాడి ముక్కు పట్టుకుని, ఆ తర్వాత ఏం చేయాలో తెలియక అట్లాగే పట్టుకుని లెక్క వివరించాడు. ఆ పిల్ల మాత్రం ఆ రోజు కూడా అన్నీ తప్పే రాసింది. నేను ఇచ్చిన మాట మీద ఆమెకు నమ్మకం లేదు. ఎందుకుంటుంది?

తనిఖీ రోజు ఇన్‌స్పెక్టరు జీపు వాగు దగ్గర ఇసుకలో దిగబడింది. పటేలు తన గూడున్న కచ్చడం బండి పంపించాడు. తోలుకొచ్చింది ఆ పిల్ల తండ్రే. ఎడ్లను చింతచెట్టుకు కట్టేసి బడి కిటికీ దగ్గర నిలబడ్డాడు. లోపల రెండు కుర్చీలు. ఒకదాంట్లో ఇన్‌స్పెక్టరు, ఒకదాంట్లో పటేలు, చేతిలో వక్కల సంచి. పెద్దపంతులు గోడ పక్కన. ఆ పిల్ల వచ్చి తన చోట కూర్చుంది. తలకు నూనె పెట్టి, గట్టిగా జడ అల్లి పంపారు. ఆమె వచ్చిందన్న సంతోషం కన్నా, ఏం రాస్తుందోనన్న భయమే నాకు ఎక్కువగా ఉంది.

ఇన్‌స్పెక్టరు కిటికీలోంచి బండి వైపు చూసి ప్రశ్న వేశాడు. "ఒక బండిల పన్నెండు పత్తి బోరాలు. గట్లాంటి బండ్లు ఆరు. తొవ్వల తొమ్మిది బోరాలు దించేసిండ్రు. అంగడికి ఎన్ని బోరాలు చేరినయ్?"

బలపాల చప్పుడు. ఒక్కొక్కరే పలకలు బోర్లించారు. ఆ పిల్ల రాసింది, ఆగింది, ఎదుటి గోడ వైపు చూసింది. అక్కడ పటేలు మనుమడి పలక అప్పటికే బోర్ల పడి ఉంది. కనబడేదేమీ లేదు. తర్వాత నా వైపు చూసింది. నేను తల ఊపలేదు, సైగ చేయలేదు. చేయాలనిపించింది, చేతకాలేదు. పలకను గుండెకు ఆనించి పట్టుకుంది.

"ఎత్తండి," అన్నాను.

అన్నీ లేచాయి. మనుమడి పలక మీద ఎనభై ఒకటి. దించిన బోరాలను తీసేయకుండా కలిపేశాడు. ఇంకా నాలుగైదు తప్పులు. అన్నిటికన్నా చివర గుమ్మం పక్కన పలక లేచింది. అరవై మూడు. పెద్ద పెద్ద అంకెలు, పలక నిండా, ఎంత దూరం నుంచైనా కనబడేట్టు.

కిటికీ దగ్గర ఆమె తండ్రి కళ్ళు మూసుకున్నాడు.

"షాబాష్!" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఇగ కానియ్యి పొల్లా. తప్పు రాసినోళ్ళ ముక్కువట్టు." మొదట ఆయన వేలు చూపించింది జంపఖానా వైపే. ఆ పిలగాడు ఎవరి మనుమడో ఆయనకు తెలియదు. తెలిసినవాళ్ళెవరూ కదల్లేదు. పటేలు వక్క నోట్లో వేసుకోబోయినవాడు ఆగిపోయాడు.

ఆ పిల్ల లేచి నిలబడింది. పలక ఒక చేత్తో పట్టుకుంది. రెండో చేయి పలక మీదికి వెళ్ళడం చూశాను. మళ్ళీ తుడిచేస్తుంది అనుకున్నాను.

"తుడవకే," అన్నాను. తర్వాత ఇన్‌స్పెక్టరు వైపు తిరిగాను. "సార్, మా తరగతిల ఒప్పు రాసినోళ్ళు కొట్టరు. తప్పు రాసినోళ్ళకు చెప్తరు."

"కొట్టకుంటె సిగ్గెట్ల వస్తదమ్మా?"

"కొడితే సిగ్గు వస్తది సార్. లెక్క రాదు."

ఈ మాట నా నోట్లోంచి ఎట్లా వచ్చిందో నాకు తెలియదు. ఇంట్లో మా ఆయనకు కూడా నేను అట్లా ఎదురు చెప్పింది లేదు. ఇన్‌స్పెక్టరు మొహం ఎర్రబడింది. పెద్దపంతులు వైపు తిరిగి, "ఏందిది పంతులూ, గీ బడి ఎవలు నడిపిస్తుండ్రు?" అన్నాడు.

నేను నోరు తెరువ అని చెప్పిన పెద్దపంతులు గోడ వదిలి ఒక అడుగు ముందుకు వచ్చారు. "సాబ్, ఒక్కపారి జూడుండ్రి. గిది మా బడిల పద్ధతి."

మా బడిల పద్ధతి అన్నారు. నీ పద్ధతి అనలేదు, ఈ అమ్మ పద్ధతి అనలేదు. ఉద్యోగంలో నాకు దక్కిన మెచ్చుకోళ్ళు కొన్ని ఉన్నాయి. ఆ మాట పక్కన పెట్టదగింది ఒక్కటి లేదు.

"పోయి చెప్పు," అన్నాను ఆ పిల్లతో.

గది దాటి వెళ్ళింది. జంపఖానా అంచు దాకా వెళ్ళి ఆగిపోయింది. ఆ అంచు మీద కాలు పెట్టడానికి ఆమెకు కాలు రాలేదు. అందరం చూస్తున్నాం. ఆ పిలగాడు తాత వైపు చూశాడు, ఆ పిల్ల వైపు చూశాడు. తర్వాత పక్కకు జరిగాడు.

"కూసో," అన్నాడు.

ఆ పిల్ల అంచు మీద, సగం జంపఖానా మీద, సగం నేల మీద కూర్చుంది.

"చిన్న పటేలా, గివి మీ బండ్లే అనుకో. మా బాపు దోలుతుండు. ఆరు బండ్లల్ల ఎన్ని బోరాలు?"

"డెబ్బై రెండు."

"మంచిగుంది. తొవ్వల తొమ్మిది దించిండ్రు. దించితె బోరాలు ఎక్కువైతయా, తక్కువైతయా?"

ఆ పిలగాడు తన పలక మీది ఎనభై ఒకటిని చూసుకుని నాలుక కరుచుకున్నాడు.

"ఎక్కువైతె మంచిదే గదనే!" అన్నాడు పటేలు ఉన్నట్టుండి. "మా బండ్లల్ల గట్ల ఒక్కనాడన్న ఎక్కువ గావాయె!"

మొదట నవ్వింది పెద్దపంతులు. తర్వాత పిల్లలు. ఇన్‌స్పెక్టరు నవ్వలేదు, కానీ ముందుకు వంగి చూస్తున్నాడు. మిగతావాళ్ళు కూడా అప్పటికే లేచి తప్పు రాసినవాళ్ళ పక్కన చేరి గుసగుసగా చెప్తున్నారు. మా గోండు పిలగాడు, వచ్చిన నాలుగు తెలుగు ముక్కలతో, వేళ్ళు మడిచి మడిచి ఒకరికి వివరిస్తున్నాడు. కాసేపటికి ఇన్‌స్పెక్టరు ఇంకో ప్రశ్న వేశాడు. అది మొదటి దానికన్నా కష్టం. మొదటి జవాబు చెరపకుండా పిల్లలు పలక రెండో వైపు రాశారు. పలకలు బోర్ల పడ్డాయి, లేచాయి. తప్పులు ఇంకా ఉన్నాయి, లేవని అబద్ధం చెప్పను. కానీ జంపఖానా మీద నుంచి లేచిన రెండు పలకలూ ఒప్పు. ఆ పిలగాడు తన పలకను ఇన్‌స్పెక్టరు వైపు చూపించలేదు. తాత వైపు తిప్పి పట్టుకున్నాడు.

"తాతా, నాకొచ్చింది."

పటేలు వక్కల సంచి ఒళ్ళో పెట్టుకుని ఆ పలక చూశాడు. తర్వాత కిటికీ వైపు తిరిగి, "అరేయ్, నీ బిడ్డ మా వానికి పంతులమ్మ అయింది పో!" అన్నాడు. అది మెచ్చుకోలో, కోపమో, ఎకసెక్కమో కిటికీ అవతల నిలబడ్డ మనిషికి అర్థం కాలేదు. నాకూ అర్థం కాలేదు. ఆ గొంతులో మూడూ ఉన్నాయి. అతను తలవంచుకుని ఎడ్ల దగ్గరికి వెళ్ళిపోయాడు. ఇన్‌స్పెక్టరు వెళ్తూ నాతో ఒకే మాట అన్నాడు. "చప్పుడు జర ఎక్కువున్నదమ్మా మీ తరగతిల." ఐదో తరగతి ఆ ఎండకాలం సెలవుల తర్వాత వచ్చింది. ఆయన రాసింది ఏమిటో మేము చూడలేదు.

ఇంతటితో పటేలు మనిషి మారిపోయాడని మీరు అనుకోవద్దు. ఊరు ఊరులాగే ఉంది. జీతగాడు జీతగాడుగానే ఉన్నాడు. ఆ జంపఖానా కూడా ఇంకా చాలా కాలం బడికి వస్తూనే ఉంది. చెంపదెబ్బల పద్ధతి మాత్రం మా బడిలో మళ్ళీ కనబడలేదు. పెద్దపంతులు ఆ బెత్తంతో గోడమీది పటంలో ఊళ్ళూ నదులూ చూపించడం మొదలుపెట్టారు. కొత్తగా ఉద్యోగంలో చేరే చెల్లెళ్ళకు నేను చెప్పేది ఇంతే. పలకలు ఎత్తించడం తేలిక. ఎత్తాక ఆ పిల్లకు ఏమవుతుందో అది మీరు ముందే చూసుకోవాలి. బడి బయట ఏమవుతుందో కూడా.

తనిఖీ జరిగిన ఆ సాయంత్రం పాపను భుజాన వేసుకుని వాకిట్లో తిరుగుతూనే ఉన్నాను. ఇచ్చిన మాట నిలిచింది, ఎవరూ ఎవర్నీ కొట్టలేదు. కానీ పటేలు ఆ చివరి మాట ఏ అర్థంతో అన్నాడో తెలియదు. తెల్లారితే ఆ పిల్ల వస్తుందో, పత్తి ఏరడానికి పోతుందో తెలియదు.

తెల్లారి ప్రార్థన అయింది. హాజరు అయింది. గుమ్మం పక్కన చోటు ఖాళీగా ఉంది. ఎదుటి గోడ దగ్గర జంపఖానా కూడా రాలేదు. నేను బల్ల దగ్గర నిలబడి సుద్దముక్కను చేతిలో తిప్పుతూ ఉండిపోయాను. పిల్లలకు కూడా ఏదో తెలిసినట్టుంది, ఒక్కరూ అల్లరి చేయలేదు.

బయట బండి చప్పుడైంది. ఎడ్లను ఆపి ఆమె తండ్రి దిగాడు. బండిలోంచి ఆ పిల్ల దూకింది, వెనకాలే చంకలో జంపఖానా చుట్టతో పటేలు మనుమడు.

"ఆలస్యమైందమ్మా," అన్నాడు తండ్రి తలగుడ్డ సవరించుకుంటూ. "పొద్దుగాల్నే వాకిట్ల నిలవెట్టి అడిగిండు పటేలు. నీ పోరి బడికి పోయిందారా అని. నేను భయపడి, పోదు, మాన్పిచ్చిన అని చెప్పిన. ఇగ సూడుండ్రి తిట్లు! మా వానికి మల్ల లెక్కలు ఎవలు చెప్తరు, నీ అయ్య చెప్తడా అన్నడు. గీ ఇద్దర్నీ బండిల దించి రమ్మన్నడు." ఆగి, అంతకన్నా మెల్లగా అన్నాడు, "మీరు మాట నిలవెట్టుకున్నరమ్మా."

లోపలికి వచ్చి చూస్తే గదిలో సగం పలకల మీద నిన్నటి జవాబు అట్లాగే ఉంది. ఎవరూ తుడవలేదు. ఇంట్లో అవ్వకూ బాపుకూ చూపించి, భద్రంగా పట్టుకుని, చెరిగిపోకుండా మళ్ళీ బడికి తెచ్చారు. ఆ పిల్ల పలక మీద అరవై మూడు ఉంది. కింది అంచు కొంచెం చెరిగి ఉంది, పక్కలో పెట్టుకుని పడుకున్నట్టుంది.

నేను ఉపన్యాసం ఏదో ఇద్దామనుకున్నాను. చివరికి పిల్లలకు చెప్పింది ఇదీ.

"చూపించకముందు ఎవ్వరూ తుడవద్దు. చూపించినంక ఎవ్వరూ దాచుకోవద్దు. నిన్నటిది అందరం చూసినం. ఇగ తుడవండి, కొత్త లెక్క చెప్తున్న."